ఎవరి చేతికిస్తే చేరుతుంది?

బంధువుల ఊళ్ళు నాలుగైదు రాష్ట్రాలలో చెదిరి ఉన్న మన కుటుంబాలకు, ఊరికి పోయే మనిషి చేత కబురు పంపడమన్నది కొత్త విద్య కాదు. బళ్ళారిలోని పినతల్లికి ఊరగాయ జాడీ, షోలాపురంలోని మేనమామకు శుభలేఖ, బరంపురంలోని ఆడపడుచుకు పసుపు కుంకుమల చీర - వీటిలో టపాలో పోయినవెన్ని, మనిషి చేతిలో పోయినవెన్ని అని లెక్క తీస్తే రెండో పద్దే పెద్దదిగా తేలుతుంది. అయితే మన పెద్దవాళ్ళు దారిన పోయే ప్రతివాడి చేతికీ జాడీ ఇవ్వలేదు. ముందు విచారించేవారు. ఆ ఊరికి తరచు పోయివచ్చేవాడెవరు? తాను పోకపోయినా, పోయేవాళ్ళందరినీ ఎరిగినవాడెవరు? ఆ వీధిలో, ఆ బంధువర్గంలో మెలిగేవాడెవరు? వీటికి తోడు పైకి అనకపోయినా మనసులో ఉండే ప్రశ్న మరొకటి: దారిలో జాడీ మూత తీసి చూడనివాడెవడు?

ఈ ప్రశ్నలనే పాతికేళ్ళుగా శాస్త్రజ్ఞులు సెల్‌ఫోనులకు నేర్పుతున్నారు. టవరుతోగాని, కంపెనీవారి యంత్రంతోగాని పని లేకుండా, ఒక ఫోను మరొక ఫోనుకు, అది ఇంకొక ఫోనుకు, చేతులు మారుతూ కబురు చేరవేయాలి. ఎవరి చేతికి ఇస్తే చేరుతుందో ఫోను తనంతట తానే తేల్చుకోవాలి. అందుకు మనిషి నడవడినే ఆదర్శంగా పెట్టుకున్నారు.

ఎస్.ఎస్.ఎల్.సి. దాటని గుమాస్తాకు ఈ శాస్త్రంతో ఏం పని అని మీరనవచ్చు. ఇరవై ఏళ్ళుగా మా ఆఫీసు టపాలు పుస్తకం నా చేతిలోనే ఉన్నది. ఏ కాగితం ఎవరి చేతికిస్తే సాయంత్రానికి చేరుతుందో, ఎవరి చేతికిస్తే సొరుగులో నిద్రపోతుందో తెలిసినవాణ్ణి గనుక, ఈ సంగతులు చదువుతుంటే పరాయి ముచ్చట అనిపించలేదు.

ముందుగా, ఇప్పుడున్న పద్ధతి ఎలాంటిదో చూద్దాం. మీరూ నేనూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఉండగా, నా ఫోను నుంచి మీ ఫోనుకు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాననుకోండి. మన మధ్య దూరం జానెడు. ఆ ఫోటో మాత్రం నా ఫోను నుంచి టవరుకు, టవరు నుంచి తీగల వెంట ఎక్కడో ఉన్న కంపెనీవారి యంత్రానికి పోయి, మళ్ళీ అంత దారీ తిరిగి మీ ఫోనులో దిగుతుంది. టవరు బాగున్నంత కాలం ఇది రెప్పపాటు పని. టవరుకు కరెంటు పోయి, దాని బ్యాటరీ కూడా హరించుకుపోయిన రోజున ఆ జానెడు దూరమూ దాటదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు, 2015 డిసెంబరులో చెన్నపట్నం మునిగినప్పుడు, 2019 మే 3న ఫొని తుపాను పూరీ దగ్గర తీరం దాటినప్పుడు జరిగింది ఇదే. ఫోను చేతిలో ఉండీ మూగదైపోయింది. (1996 నవంబరు 6 నాటి తుపాను యానాం ప్రాంతాన్ని ఊడ్చినప్పుడు మన ఇళ్ళలో సెల్‌ఫోనులే లేవు గనుక ఆ కష్టం వేరు.)

చెన్నపట్నం వరదలో మా మేనత్త ఇల్లు అడయారు నదికి దగ్గర. మూడు రోజులు ఆమె సంగతి తెలియలేదు. నాలుగో రోజున క్షేమం అన్న మాట వచ్చింది. వచ్చిన దారి చూడండి: అత్తయ్య పైవాటాలోని వాళ్ళబ్బాయికి చెప్పింది, అతడు నీళ్ళలో నడిచి మెయిన్‌రోడ్డు చేరి, పాల వ్యాను డ్రైవరుకు చీటీ ఇచ్చాడు, డ్రైవరు తాంబరంలో మందుల దుకాణం పెట్టుకున్న తన ఎరికైన మనిషికి ఇచ్చాడు, ఆ దుకాణంలో ఫోను పలికింది. నాలుగు చేతులు. అత్తయ్యకు ఆ మందుల దుకాణం ఆయన ఎవరో ఈనాటికీ తెలియదు. డ్రైవరుకు మాత్రం, ఫోను పలికే చోట ఉన్నది ఎవరో తెలుసు. చీటీ చేరడానికి కావలసినది ఆ తెలివిడే.

ఇప్పుడు ఫోను సంగతికి వద్దాం. ప్రతి ఫోనులోనూ బ్లూటూత్, వై-ఫై అనే చిన్న రేడియోలు ఉన్నాయి. ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవడానికి వీటికి టవరు అక్కరలేదు. బ్లూటూత్ కేక సామాన్యంగా పది మీటర్లు, అంటే మన పెరటి గుమ్మం నుంచి వీధి గుమ్మం దాకా వినిపిస్తుంది. వై-ఫై కేక మరి నాలుగైదు ఇళ్ళు దాటుతుంది. కుర్రవాళ్ళు షేర్‌ఇట్, జెండర్ వంటి వాటితో ఒకరి ఫోను నుంచి మరొకరి ఫోనుకు పైసా ఖర్చు లేకుండా సినిమాలు దింపుకునేవారు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వంవారు నిషేధించిన 59 యాప్‌లలో అవీ పోయాయి. వాటి పని ఎదురెదురుగా ఉన్న ఇద్దరి మధ్యనే. కబురు అందవలసిన మనిషి ఎదుట లేనప్పుడు ఏం చెయ్యాలి? దానికి జవాబు పల్లెటూరి టపా బంట్రోతు పద్ధతి. పుచ్చుకో, సంచిలో వేసుకో, నడువు, తగినవాడు ఎదురైతే అందించు. తీగ తెగిన చోట కాళ్ళు తీగ పని చేస్తాయి. ఆలస్యమవుతుంది నిజమే, కాని చేరుతుంది.

అసలీ ఆలోచన మొదలైంది భూమి మీద కూడా కాదు. గ్రహాల మధ్య తిరిగే నౌకలతో ఎడతెగని సంబంధం ఉండదు గదా, వాటికి ఇంటర్నెట్ ఎలా అన్న ప్రశ్న మీద అమెరికాలో 1998 నుంచి పని చేశారు. కెవిన్ ఫాల్ అనే ఆయన 2003లో ఈ పద్ధతిని భూమి మీద తీగలు లేని చోట్లకు కూడా అన్వయించి చూపించాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే మన కర్ణాటకంలో ఒక ఎర్ర బస్సు ఈ పని చేసి చూపించింది.

బెంగుళూరుకు ఉత్తరాన దొడ్డబళ్ళాపురం తాలూకా ఉన్నది. మగ్గాల ఊరు. మన పాఠకులలో ఆ ఊరితో వియ్యం ఉన్నవారు లేకపోరు. కర్ణాటక ప్రభుత్వంవారు 'భూమి' అనే పేరుతో రైతుల పొలం దాఖలాలను - మేము ఇక్కడ పహణి అంటాము, ఆంధ్రలో అడంగలు అంటారు - కంప్యూటర్లలోకి ఎక్కించారు. రాష్ట్రం మొత్తం మీద సుమారు 2 కోట్ల దాఖలాలు. అంతవరకు పల్లె లెక్కాధికారి ఇంటి చుట్టూ తిరిగిన రైతు, ఇక తాలూకా కచేరిలో 15 రూపాయలు కట్టి అచ్చు కాగితం పుచ్చుకోవచ్చు. బాగానే ఉన్నది, కాని కచేరి దాకా పోవద్దా? పోను రాను బస్సు ఛార్జీ, ఒకనాటి కూలి, మధ్యాహ్నం హోటలు భోజనం. కాగితం 15 రూపాయలే, దాని వెనుక ఖర్చు ఎంతో మీకే తెలుసు. పల్లెలకు తీగ వేయాలంటే ఏళ్ళు పట్టే పని.

అమెరికాలోని ఎం.ఐ.టి. వారు దీనికి ఒక ఉపాయం పన్నారు. దాని పేరు డాక్‌నెట్. డాక్ అంటే హిందీలో టపా అని వేరే చెప్పనక్కరలేదు. అలెక్స్ పెంట్‌లండ్, రిచర్డ్ ఫ్లెచర్, అమీర్ హాసన్ అనే ముగ్గురు 2004లో ఈ ప్రయోగాన్ని గురించి వ్రాశారు. రోజూ తాలూకా నుంచి పల్లెలకు పోయివచ్చే ప్రభుత్వ బస్సులో వై-ఫై ఉన్న చిన్న పెట్టె ఒకటి అమర్చారు. పల్లెలో ఒక గదిలో కంప్యూటరు. రైతు అక్కడ తన సర్వే నంబరు చెప్పి అర్జీ పెడతాడు. బస్సు ఊళ్ళోకి రాగానే పెట్టె, కంప్యూటరు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. అర్జీ పెట్టెలోకి ఎక్కుతుంది. బస్సు తాలూకా చేరగానే అర్జీ కచేరి కంప్యూటరులోకి దిగుతుంది, పహణి ఎక్కుతుంది. తిరుగు ట్రిప్పులో పహణి పల్లెకు వస్తుంది. అక్కడ అచ్చు తీసి ఇచ్చి 15 రూపాయలు పుచ్చుకుంటారు. తాలూకాకు 40 కిలోమీటర్ల దూరం ఉన్న పల్లెలకు కూడా ఇలా అందింది. బస్సు రోజుకు ముమ్మారు పోయి ముమ్మారు వచ్చేది. ఒక్కొక్క పలకరింపు సగటున రెండున్నర నిమిషాలు; అంతలోనే ఒక వైపుకు సుమారు 20 మెగాబైట్ల సరుకు మారేది. కండక్టరుకు టికెట్లు కొట్టడం తప్ప వేరే పని పెరగలేదు. కంబోడియా దేశంలో రతనకిరి అనే అడవి సీమలోని బడులకు ఇదే పని మోటారు సైకిళ్ళు చేశాయి.

ఈరోజు పహణి ఇంట్లో కూర్చుని ఫోనులోనే చూసుకోవచ్చు గనుక ఆ బస్సుతో అవసరం తీరింది. అయినా ఆ ఉపాయం నాకు గొప్పగా తోస్తుంది. ఉన్న బస్సును, ఉన్న దారిని, ఉన్న వేళలను వాడుకున్నారు. కొత్తగా చేసింది ఒక చిన్న పెట్టె మాత్రమే.

బస్సుకు వేళలున్నాయి. మనుషులకు ఏవీ? మన జేబులోని ఫోను రేపు ఎవరికి ఎదురవుతుందో ఎవరూ పట్టిక వేసి గోడకు అంటించలేదు. కష్టమంతా ఇక్కడనే మొదలవుతుంది.

మొదట తోచిన ఉపాయం మొరటుది. 2000లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వహదత్, బెకర్ అనే ఇద్దరు, ఎదురైన ప్రతి ఫోనుకూ కబురు నకలు ఇచ్చేయమన్నారు. వాళ్ళు తమకు ఎదురైన ప్రతివారికీ ఇస్తారు. అంటువ్యాధి ఎలా వ్యాపిస్తుందో కబురూ అలాగే వ్యాపిస్తుంది. దానికి ఆ పేరే పెట్టారు. కబురు తప్పక చేరుతుంది, అందులో అబద్ధం లేదు. కాని ఒక్క మనిషికి అందవలసిన శుభలేఖ కోసం ఊరు ఊరంతా అచ్చు వేసి పంచినట్లవుతుంది. అందరి బ్యాటరీలూ అయిపోతాయి, అందరి ఫోనులూ పరాయి సరుకుతో నిండిపోతాయి. 2005లో మరికొందరు, నకళ్ళకు ఒక లెక్క పెట్టమన్నారు: ఏ పదో పంచి, ఆపైన ఊరుకుని ఎదురుచూడు. ఖర్చు తగ్గింది. అయితే ఆ పదీ ఎవరి చేతికివ్వాలన్న మన పెద్దవాళ్ళ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఆ ప్రశ్నకు మొదటి జవాబు స్వీడన్ దేశం నుంచి వచ్చింది. ఆ దేశపు ఉత్తరపు కొసన, మంచు నేలలలో, రెయిన్‌డీర్ అనే దుప్పులను మేపుకుంటూ సంచారం చేసే సామీ ప్రజలున్నారు. అప్పట్లో అక్కడ చాలా చోట్ల టవర్లు లేవు. లిండ్‌గ్రెన్ అనే ఆయన, ఆయన తోటివారు 2003లో చెప్పిన పద్ధతి ఏమిటంటే: ప్రతి ఫోనూ తాను ఎవరెవరిని కలుసుకుంటున్నదో గుర్తు పెట్టుకోవాలి. కలిసినప్పుడల్లా ఆ మనిషి పేర మార్కులు పెరుగుతాయి. చాలాకాలం కలవకపోతే వాటంతట అవే తరిగిపోతాయి. నేను రామయ్యను తరచు కలుస్తాను, రామయ్య సోమయ్యను తరచు కలుస్తాడు, అలాంటప్పుడు సోమయ్యకు పోవలసిన కబురు నా చేతికి ఇచ్చినా కొంత ఆశ ఉన్నట్లే, ఆ లెక్కా కట్టుకోవాలి. ఎదురైన ఫోను మార్కులు నా మార్కులకంటే ఎక్కువ అయితేనే కబురు దానికి ఇస్తాను. మన పెద్దవాళ్ళ మొదటి ప్రశ్న ఇదే గదా.

రెండో ప్రశ్నకు, అంటే అందరినీ ఎరిగినవాడెవరు అన్నదానికి, జవాబు చాలా ముందే ఒకాయన కాగితం మీద తేల్చి ఉంచాడు. 1967లో అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రాం అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన ప్రయోగాన్ని లోకానికి చెప్పాడు. బోస్టన్‌లో పని చేస్తూ షారన్ అనే ఊళ్ళో కాపురమున్న ఒక షేర్ల దళారీకి ఒక కవరు చేర్చాలి. మీకు ఆయన తెలియకపోతే, మీకు బాగా తెలిసినవాళ్ళలో ఆయన దగ్గరకు చేర్చగలడనిపించిన ఒకరికి పంపండి. వాళ్ళూ అలాగే చెయ్యాలి. 1969లో అచ్చయిన లెక్క ప్రకారం 296 మందితో మొదలుపెడితే 64 కవర్లు చేరాయి. చేరినవాటికి మధ్యలో సగటున ఐదుగురికి కాస్త ఎక్కువ చేతులు పట్టాయి. లోకం చిన్నదని అందరూ ఈ ఐదునే చెప్పుకుంటారు. దారిలో పోయిన రెండు వందల పైచిలుకు కవర్ల ఊసు ఎత్తేవారు తక్కువ. టపాలు గుమాస్తాకు ముందు కనబడేవి మాత్రం అవే!

ఆ 64లో నన్ను పట్టి ఆపిన అంకె ఇంకొకటి ఉన్నది. వాటిలో 16 కవర్లు షారన్ ఊరిలోని ఒకే ఒక్క బట్టల వర్తకుని చేతి మీదుగా వచ్చాయి. ఎక్కడెక్కడో బయలుదేరిన కవర్లు, ఒకరినొకరు ఎరుగని మనుషులు పంపినవి, కడపట ఒక బట్టల కొట్టులో కలిశాయి. మన ఊళ్ళలో కూడా పెళ్ళి సంబంధాల కబుర్లు ఎవరి అరుగు మీద కలుసుకుంటాయో జ్ఞాపకం తెచ్చుకోండి. ఇలాంటిదే 1973లో మార్క్ గ్రనొవెటర్ అనే సంఘశాస్త్రజ్ఞుడు మరొకటి చూపించాడు: ఉద్యోగపు కబురు మనకు ప్రాణస్నేహితుల వల్లకంటే, ఎప్పుడో ఒకప్పుడు కలిసే ముఖపరిచయస్థుల వల్ల ఎక్కువగా వస్తుంది. దగ్గరివాళ్ళకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు బయటివాడే తేవాలి. షోలాపురంలోను, బళ్ళారిలోను ఉండి ఇంటిభాష తెలుగుగా నిలుపుకున్నవారికి ఈ సంగతి ఒకరు చెప్పాలా?

ఈ లక్షణాలు ఫోనులలో నిజంగా కనబడతాయా అని పరీక్షించారు. 2005లో అమెరికాలోని మయామీ నగరంలో జరిగిన ఒక శాస్త్ర సభలో, వచ్చినవారికి జేబులో పట్టే బ్లూటూత్ యంత్రాలు ఇచ్చి, రెండేసి నిమిషాలకొకసారి చుట్టూ ఎవరున్నారో వ్రాసుకునేటట్లు చేశారు. 41 మంది యంత్రాల లెక్కలు పనికివచ్చాయి. కొందరు మాటిమాటికి కలుస్తారు, కొందరి మధ్య చాలా పెద్ద ఎడం పడుతుంది; ఈ ఎడం సగటు చెప్పి సరిపెట్టుకునేది కాదు. కొద్దిమంది మాత్రం అందరికీ తగులుతూనే ఉంటారు.

దీని మీద కేంబ్రిడ్జిలోని పాన్ హుయ్, జాన్ క్రోక్రాఫ్ట్, ఐకో యోనెకి 2008లో ఒక పద్ధతి కట్టారు. దాన్ని మా ఆఫీసు భాషలో చెబుతాను. మా ఆఫీసులో ఒక జవాను ఉండేవాడు. పెద్ద హోదా లేదు, కాని పూటకు రెండుసార్లు కాఫీతో ప్రతి సెక్షనుకూ పోతాడు గనుక అతడు చూడని మనిషి లేడు. ఎక్కడో మూలనున్న సర్వే సెక్షను గుమాస్తాకు కాగితం పోవాలంటే ముందు మా జవాను చేతికి పోవాలి. అతడికి సర్వే సెక్షను మనిషి ఎవడైనా సరే ఎదురైతే, కాగితం చేతులు మారుతుంది. ఆ క్షణం నుంచి ఆఫీసంతటిలో ఎవరు ప్రముఖులన్నది అనవసరం, ఆ సెక్షనులో ఎవరు నలుగురిలో మెలుగుతారన్నదే లెక్క. అంటే మొదట పైకి, పేరున్న మనిషి దగ్గరకు; ఆ పిమ్మట అయినవాళ్ళలోకి. ఫోనులు కూడా తమ గుంపు ఏది, ఆ గుంపులో తన పలుకుబడి ఎంత, ఊరు మొత్తంలో ఎంత అని స్వయంగా లెక్క కట్టుకుని ఇలాగే నడుచుకుంటాయి. అంటువ్యాధి పద్ధతికంటే చాలా తక్కువ నకళ్ళతో కబుర్లు చేరుతున్నాయని తేల్చారు. దీనికి ఒక చిక్కు లేకపోలేదు. పలుకుబడి ఉన్న ఫోను మీదనే బరువంతా పడి, దాని బ్యాటరీ అందరికంటే ముందు చస్తుంది. మా జవాను కూడా కడపటి రెండేళ్ళు మోకాళ్ళ నొప్పితో సెలవులోనే ఉన్నాడు.

ఇదంతా ఫలానా మనిషికి ఫలానా కబురు అన్నప్పటి మాట. ఫలానా మనిషి అని లేకుండా, కావలసినవారికి చేరాలనుకునే సమాచారం కూడా ఉంటుంది: ఏ రోడ్డు తెగింది, ఎక్కడ అన్నం పెడుతున్నారు, ఏ ఆసుపత్రిలో మందు ఉన్నది. జేబులో చోటు కొంచెమే. ఏది మోయాలి, ఏది వదలాలి? ఇటలీలో పీసా నగరపు శాస్త్రజ్ఞులు ఇక్కడ మనిషి మనసునే చూశారు. మనం ప్రతిదీ తూకం వేసి తేల్చము; విన్న పేరా వినని పేరా అని చూసి త్వరగా ఒక నిశ్చయానికి వస్తాము. గోల్డ్‌స్టీన్, గీగరెంజర్ అనేవారు శాన్ డియేగో, శాన్ ఆంటోనియో అనే రెండు అమెరికా నగరాలలో ఏది పెద్దదని అడిగితే, అమెరికా విద్యార్థులలో సుమారు మూడింట రెండు వంతుల మంది సరిగా చెప్పారు; జర్మన్ విద్యార్థులు అందరూ సరిగా చెప్పారు. కారణం, జర్మన్లలో చాలామంది రెండో పేరు విననే లేదు. విన్న పేరు పెద్ద ఊరిది అనుకున్నారు, అదే నిజమైంది. పీసావారి ఫోనూ ఇంతే. తోవలో ఎదురైన ఫోనులు ఏ రకం సమాచారం కావాలని మాటిమాటికి అడుగుతున్నాయో అది ముఖ్యమని ఎంచుతుంది. అందులో ఏ కాగితం ఇప్పటికే అందరి దగ్గరా కనబడుతున్నదో దాన్ని వదిలేస్తుంది, నేను మోయకపోయినా అది చేరుతుంది గనుక. పదిమందికి కావలసినది, కొద్దిమంది దగ్గరే ఉన్నది - దాన్ని దాచుకుంటుంది. పెళ్ళివారింట్లో పనులు అందుకునే ముత్తైదువలు కూడా ఇంతే: వడ్డనకు మనుషులున్నారని చూస్తే నీళ్ళ బిందె అందుకుంటారు.

ఇంతవరకు బాగున్నది. అయితే పరాయివాడి బరువు నా ఫోను ఎందుకు మోయాలి? బ్యాటరీ నాది. 2010లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు పరిశోధకులు ఈ సంగతి మొగమాటం లేకుండా ఒప్పుకున్నారు. మనిషి అయినవాళ్ళ ముల్లె సంతోషంగా, తెలిసినవాళ్ళ ముల్లె అయిష్టంగా మోస్తాడు, తెలియనివాడి ముల్లె అసలు మోయడు. ఆ స్వార్థాన్ని తిట్టి లాభం లేదు, దాన్నీ లెక్కలో కలుపుకుని దారి వెతకమన్నారు. ఇది నాకు నచ్చింది. మనిషిని ఆదర్శంగా పెట్టుకున్నప్పుడు మంచిగుణాలే తీసుకుంటే లెక్క తప్పుతుంది. మరో దారి, మోసేవాడికి తెలియకుండానే మోయించడం. ఆపిల్ కంపెనీవారు 2019లో పోయిన వస్తువులను వెతికే వల ఒకటి పరిచారు. ఎక్కడో పడిపోయిన ఫోను బ్లూటూత్‌తో మెల్లగా కేక వేస్తుంటే, దారిన పోయే ఏ ఐఫోనైనా విని, అది ఫలానా చోట ఉన్నదని సీలు వేసిన కవరు యజమానికి పంపుతుంది. 2021లో ఇందుకోసమే తాళపుచెవులకు తగిలించే బిళ్ళలు అమ్మారు. తాళపుచెవులు దొరికాయి. ఆడవాళ్ళ సంచుల్లో ఆ బిళ్ళ రహస్యంగా వేసి వాళ్ళ జాడ పట్టిన దుర్మార్గులూ బయలుదేరారు, కంపెనీవారు దానికి హెచ్చరికలు చేర్చవలసి వచ్చింది.

ఇక్కడికి వచ్చేసరికి మన పెద్దవాళ్ళు పైకి అనని ప్రశ్న ముందుకు వస్తున్నది. మూత తీసి చూడనివాడెవడు? కవరుకు సీలు వేయడం కష్టం కాదు. గుప్తలిపి వచ్చిన తరువాత మోసేవాడు లోపలి సంగతి చదవలేడు. చిక్కు కవరు పైన ఉన్నది. ఎవరికి పోవాలో మోసేవాడికి కొంతైనా తెలియాలి. ఎవరి చేతికివ్వాలో తేల్చడానికి ఫోను ఎవరు ఎవరిని, ఎప్పుడు, ఎన్నిసార్లు కలుసుకున్నారో ఒక రిజిస్టరు వ్రాసుకోవాలి. మార్కులు వేసేది దాన్ని చూసే. ఆ రిజిస్టరు పోలీసు చేతికో, పగవాడి చేతికో పడితే లోపలి కవర్లు తెరవవలసిన పనే లేదు. మా ఆఫీసులో కూడా ఏ కాగితంలో ఏమున్నదో నేను చదవను, కాని ఆరు నెలల అవుట్‌వర్డు పుస్తకం నా ముందు పెడితే ఎవరికి ఎవరితో వ్యవహారం నడుస్తున్నదో చెప్పగలను. పద్ధతి ఎంత తెలివైనదైతే ఆ పుస్తకం అంత లావవుతుంది. 2020లో కరోనా రోజుల్లో ఆపిల్, గూగుల్ కంపెనీలు కలిసి, ఫోనులు పేర్లకు బదులు గడియ గడియకూ మారే అంకెలతో పలకరించుకునే ఏర్పాటు చేశాయి. మంచి ఉపాయమే. కాని క్షణక్షణం ముఖం మార్చుకునేవాణ్ణి తరచు కలిసేవాడని ఎలా గుర్తుపట్టడం? మార్కుల పద్ధతికి, ముసుగు పద్ధతికి ఇంకా పూర్తిగా పొత్తు కుదరలేదు.

ఇది ఉత్త భయం కాదు. హాంగ్‌కాంగ్‌లో 2014 ఆందోళనలలో జనం ఫైర్‌చాట్ అనే యాప్‌ను, 2019లో బ్రిడ్జిఫై అనే దాన్ని ఫోను నుంచి ఫోనుకు కబుర్లకు వాడుకున్నారు. 2020లో లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవేలోని పరిశోధకులు బ్రిడ్జిఫైని పరీక్షించి, అందులో కబుర్లు చదవవచ్చనీ, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో పట్టవచ్చనీ, ఒకరి పేరుతో మరొకరు కబురు పంపవచ్చనీ, ఒకే ఒక్క దొంగ కబురుతో వలనంతా కూల్చవచ్చనీ బయటపెట్టారు. ప్రాణం మీద పెట్టుకుని దాన్ని వాడినవాళ్ళకు ఆ సంగతి ముందు తెలియదు. 2025 జూలైలో ట్విట్టర్ స్థాపకులలో ఒకడైన జాక్ డోర్సీ, బిట్‌చాట్ అని బ్లూటూత్ మీద నడిచే మరొకటి తెచ్చాడు. దాన్ని బయటివారెవరూ ఇంకా పరీక్షించలేదని, ముఖ్యమైన వాటికి నమ్ముకోవద్దని మొదట్లో అతడే చీటీ అంటించాడు. ఆ మాటవరకు నిజాయితీ ఉన్నదనే అనాలి.

తుపాను రోజులకు వీటిలో ఏదైనా పనికివస్తుందా అంటే, వస్తుంది, తుపానుకు ముందే రెండు వైపులా ఫోనులో వేసి ఉంచుకుంటే. టవరు పోయిన తరువాత యాప్ దింపుకోవడం ఎలాగూ కుదరదు. పైగా దారి పొడవునా దాన్ని వేసుకున్న ఫోనులు ఉండాలి. పాల వ్యాను డ్రైవరు ఫోనులో లేకపోతే చీటీ మెయిన్‌రోడ్డు మీదనే ఆగుతుంది. జేబులో ఉన్నప్పుడు యాప్ మెలకువగా ఉండడానికి ఫోను కంపెనీలు, ముఖ్యంగా ఆపిల్, సులభంగా ఒప్పుకోవు. బ్యాటరీ కోసమని అంటారు. ఇన్నేళ్ళ శాస్త్రం మన చేతికి రాకపోవడానికి నాకు కనబడే కారణం, లెక్కలు తప్పడం కంటే, నలుగురూ ఒకే యాప్ వేసుకోకపోవడమే.

ఉన్నవాటిలో నేను చూసినది బ్రయర్. 2018లో వచ్చింది, ఆండ్రాయిడ్ ఫోనులలో ఉచితం. కబుర్లకు సీలు ఉంటుంది. టవరు లేనప్పుడు బ్లూటూత్, వై-ఫైలతో పనిచేస్తుంది. గుంపుగా పెట్టుకున్న చర్చలోని కబుర్లను ఆ గుంపువాళ్ళు ఒకరి నుంచి ఒకరు మోసుకుపోతారు. ఇద్దరి మధ్య సొంత కబురు మాత్రం, ఇంటర్నెట్ లేనప్పుడు, ఆ ఇద్దరి ఫోనులూ దగ్గరపడితేనే అందుతుంది; మూడో చేతికి ఇవ్వదు. పెద్దవాళ్ళ కడపటి ప్రశ్నకే ఎక్కువ విలువ ఇచ్చి, ముందు మూడింటినీ కొంత వదులుకున్నారన్నమాట. మా అమ్మాయి, నేను పోయిన ఆదివారం రెండు ఫోనులకూ సిమ్‌లు తీసేసి, ఇంటి వై-ఫై ఆపి, దీన్ని పరీక్షించాము. అది తన స్నేహితురాలి ఇంటికి రెండు వీధుల అవతలకు పోయింది. నేను వరండాలో కూర్చుని "టిఫిను తయారైంది, రా" అని పంపాను. కబురు మా అమ్మాయికి అందింది. అది ఆకలేసి ఇంటికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా.